సున్నం నిండుకున్న రోజు

పద్దు 41

గాలి మామూలు. నీళ్లు మా వాటాకు లోపలే వాడాం. మిగిలినవి కొత్తిమీర తొట్టికి పోశాను. ఆవాలు చిటపటలాడేటప్పుడు మూత పెట్టడం మరిచాను. గింజలు తీరిగ్గా లేచి కప్పు దాకా వెళ్లి, తీరిగ్గానే దిగాయి. చంద్రుడి మీదికి వచ్చి ఇన్నేళ్లయినా నా చేతికి ఇంకా కింది భూమి అలవాటే.

ఇవాళ మావారిని ప్రయోగశాల గుమ్మంలోంచి వెనక్కి పంపారు. వేలికి ఉంగరం ఉందట. పెళ్లినాటిది, ఎన్నడూ తీయనిది. "ఎస్తేరు గారు సబ్బు రాసి మరీ తీయించింది" అంటూ చిన్నబోయిన ముఖంతో నా చేతిలో పెట్టారు. గ్లౌజు లోపల ఉంగరం ఒరుసుకుంటే చిరుగు పడుతుందని ఆవిడ అన్నదట. ఇన్నాళ్లూ పడని చిరుగు ఇవాళే పడుతుందా అని నాకు కోపం వచ్చింది. ఎక్కడైనా పెడితే మరిచిపోతానని పోపుల డబ్బాలో ఆవాల గిన్నెలో వేశాను. రోజూ కంటపడే చోటు అదొక్కటే.

ఎస్తేరు గారిది చీరాల. ప్రయోగశాలలో విషాల కాపలా ఆవిడదే. ఏ సీసా ఎక్కడుండాలి, దాన్ని ఎవరు ముట్టుకోవాలి, ముట్టుకున్నవాళ్లు ఎలా బయటికి రావాలి అన్నది ఆవిడే చూస్తుంది. మా ఊరు అంచుపేటలో అందరూ ఆవిడకు కొంచెం భయపడతారు. నాకు ఇవాళ్టి దాకా చిరాకే తప్ప భయం లేదు.

పద్దు 44

సున్నపు బట్టీ పగిలింది. పొద్దున్నే పక్కింటి తులశమ్మ వచ్చి చెప్పింది. ప్రయోగశాలకు సున్నం అందించే పని ఆవిడది. బాగుచెయ్యడానికి ఇటుకలు చల్లారాలి, కొత్తవి కాల్చాలి. అప్పటిదాకా ఉన్న సున్నమే గతి.

"తాంబూలంలోకి కూడా గోరంత ఇవ్వను వదినా. తమలపాకులు ఇక్కడ పండవు గనక బతికిపోయావు" అంది. నవ్వుతూనే అంది కానీ కళ్లలో నవ్వు లేదు.

మావాళ్లు చంద్రుడి మట్టిలోంచి ఊపిరి తీస్తారు. మట్టిని కరిగించే ఆమ్లానికి పుస్తకాల్లో పెద్ద పేరుంది. అంచుపేటలో దాన్ని మౌని అంటాం. చూడ్డానికి మంచినీళ్లలా ఉంటుంది. పలచగా చేసినది ఒంటిమీద పడితే వెంటనే మంట కూడా పుట్టదు. చప్పుడు లేకుండా చర్మం దాటి ఎముక దాకా పోయి, అక్కడ స్థిరపడ్డాక అప్పుడు నొప్పి మొదలవుతుంది. అందుకే ఇక్కడ ప్రతి వంటింట్లో ఉప్పు డబ్బా పక్కన కాల్షియం జెల్లు ట్యూబు ఉంటుంది.

మౌని ఉన్న హాల్లోంచి పీల్చిన గాలి సున్నపు నీళ్ల తొట్టిలో మునిగి, విషం వదిలించుకుని, మళ్లీ మా ఇళ్లకే వస్తుంది. బయటికి వదిలేయడానికి ఇక్కడ బయట అంటూ లేదు. తులశమ్మ కళ్లు ఎందుకు నవ్వలేదో సాయంత్రం పప్పు కడుగుతుంటే అర్థమైంది.

పద్దు 47

సాక్షి వంతు మా ఇంటికి వచ్చింది. ప్రమాదమైన పని జరిగే ప్రతిసారీ ఊళ్లోంచి ఒక మనిషి పైనున్న అద్దాల గదిలో కూర్చుని చూడాలి. పీల్చే గాలి అందరిదీ కాబట్టి చూసే హక్కూ అందరిదీ అని వెనకటివాళ్లు పెట్టిన నియమం. కుర్చీ పక్కన ఎర్ర తాడు వేలాడుతుంది. సాక్షి చేతిలో ఉండే అధికారం అదొక్కటే.

ఎస్తేరు గారు నన్ను పిలిపించి ప్రయోగశాల అంతా తిప్పి చూపించింది. చిరాకు పెట్టుకుని వెళ్లాను. మొదటి అలమర దగ్గరే అది సగం పోయింది. ప్రతి సీసా మీదా పేరు, తెరిచినవాళ్ల పేరు, తెరిచిన రోజు. ప్రతి సీసా కిందా పళ్లెం. ఒకదానితో ఒకటి పడని మందులు వేర్వేరు అలమరల్లో. సీసా తెరిచిన మనిషిదే అది ఖాళీ అయ్యి, కడిగి, పారేసేదాకా బాధ్యత. మధ్యలో జ్వరం వస్తే ఎవరికి అప్పగించారో ఆ పేరూ ఉండాలి. కందిపప్పు పక్కన కిరసనాయిలు పెట్టిన కోడలిని మా అత్తగారు ఏమనేదో నాకు తెలుసు. ఆ లెక్కన ఎస్తేరు గారు మా అత్తగారికి చాలా నచ్చేది.

కళ్లు కడుక్కునే కుళాయిని వారం వారం తిప్పి చూస్తారట. నీళ్లు కొలుచుకుని తాగే ఊళ్లో ఆ ధార అలా పారుతుంటే నా ప్రాణం గిలగిల్లాడింది. నా ముఖం చూసి ఆవిడే అంది, అక్కర పడ్డ రోజు తుప్పు నీళ్లు వస్తే ఎవరి కళ్లకు జవాబు చెప్పాలని.

నాకు రసాయనాలు తెలియవు, నేను కూర్చుని ఏం లాభం అని అడిగాను.

"మీరు రసాయనాన్ని చూడొద్దండి, మనుషుల్ని చూడండి. తొందరపడుతున్నారా, విసుక్కుంటున్నారా, ఒకళ్లు చెప్పింది ఇంకొకళ్లు వింటున్నారా. అంతే."

"తాడు తప్పుగా లాగితే?"

"లాగినందుకు ముందు థాంక్స్ చెబుతాం. తప్పో ఒప్పో తర్వాత చూసుకుంటాం. అది ఇక్కడ రూలు."

తాడు లాగితే ఏమవుతుందో కూడా దాచకుండా చెప్పింది. హాలు తలుపులు బిగుసుకుంటాయి. అక్కడి గాలి ఊళ్లోకి రావడం ఆగిపోతుంది. లోపలున్నవాళ్లు వీపు మీది సిలిండర్ గాలితో, పని సర్దేసి, కడుగుడు గదిలో స్నానం చేసి, ఒక్కొక్కరే బయటపడాలి. నా వంతు నాడు హాల్లో ఉండేది మావారు, ఆయనతో కలిసి పనిచేసే ఖాదర్ బాబు.

పద్దు 50

ఇంటి పని అంతా మామూలు. తులశమ్మ భోజనానికి రాలేదు. తొట్టిలో సున్నం కొలత చూడ్డం రోజురోజుకీ కష్టమవుతోందట. మౌని ఆవిరికి అద్దపు గొట్టం మసకబారిపోయింది. లోపల పెట్టిన యంత్రం మీద సున్నం గట్టిపడి ఎప్పుడూ ఒకే అంకె చూపిస్తోంది. అందుకని ముఖానికి మాస్కు కట్టుకుని తనే వెళ్లి, నీళ్లు కాస్త తీసి రంగు చుక్క వేసి చూస్తోంది. గులాబీ రంగు తిరిగితే సున్నం ఉన్నట్టు, తిరగకపోతే లేనట్టు. చూసి, మాట్లాడే గొట్టంలో లిఖితకు చెబుతుంది. లిఖిత పనిని నడిపే బల్ల దగ్గర కూర్చునే పిల్ల. ఇక్కడే పుట్టింది. విన్నదాన్ని విన్నట్టు తిరిగి చెబితే తప్ప ఎస్తేరు గారు ఏ కబురునీ చెల్లనివ్వదు. నాకు ఆ పద్ధతి భలే నచ్చింది. మావారికి కూరగాయల పేర్లు చెప్పి పంపేటప్పుడు అమలు చేశాను. తోటకూర అన్నారు, తోటకూరే తెచ్చారు.

పద్దు 52

నెమ్మదిగా, జరిగింది జరిగినట్టు రాయాలి.

పొద్దున అద్దాల గదిలో కూర్చున్నాను. కింద హాల్లో మావారు, ఖాదర్ బాబు తెల్లటి తొడుగుల్లో ఉన్నారు. ఎవరు ఎవరో నడకను బట్టి తెలిసింది. కడుగుడు గది గుమ్మంలో ఎస్తేరు గారు ఇద్దరి తొడుగుల అతుకులూ వేళ్లతో తడిమి చూసి లోపలికి పంపింది. లిఖిత నా పక్క గదిలో, మధ్యలో తలుపు తీసే ఉంది. పని మొదలయ్యే ముందు తొట్టి సంగతి తెలియాలి.

గొట్టంలో తులశమ్మ గొంతు వినిపించింది. మాస్కు వల్ల కొంచెం మూలుగులా ఉంది.

"లిఖితా, తొట్టిలో సున్నం నిండుకుంది తల్లీ."

"సున్నం నిండుకుంది. విన్నాను" అంది లిఖిత.

"సరేనమ్మా" అని తులశమ్మ గొట్టం పెట్టేసింది. నియమం ప్రకారం చెప్పింది, లిఖిత నియమం ప్రకారం తిరిగి చెప్పింది. అయితే ఇవాళ్టికి పని లేదన్నమాట, ఆయన భోజనానికి ఇంటికి వచ్చేస్తారు, చారు ఒక్కటీ పెడితే చాలదు అని నేను ఆలోచనలో పడ్డాను.

అప్పుడు లిఖిత హాల్లోకి చెప్పింది: "తొట్టి నిండుగా ఉంది. మొదలుపెట్టండి."

నాకు వెంటనే అర్థం కాలేదు. నిండుకుంది అనే కదా తులశమ్మ చెప్పింది. మా ఇళ్లలో బియ్యం అయిపోతే నిండుకున్నాయి అంటాం. నూనె లేకపోతే నిండుకుంది అంటాం. అయిపోయింది, లేదు అన్న మాట ఇంట్లో పలకకూడదని అమ్మలు నేర్పారు. చెప్పేవాళ్లకీ తెలుసు, వినేవాళ్లకీ తెలుసు. కానీ ఈ పిల్లకు తెలుసా? లేక ప్రయోగశాలలో ఆ మాటకు ఇంకేదైనా అర్థం పెట్టుకున్నారా? నేను విన్నది సరిగ్గా విన్నానా?

కింద మావారు మౌని పీపా దగ్గరికి నడిచారు. ఖాదర్ బాబు మట్టి తొట్టి మూత తీశాడు. నేను లేచి లిఖితను అడగాలనుకున్నాను. అడిగేలోపు మావారి చెయ్యి పీపా కుళాయి చిలుక మీద పడింది, అది తిరగడం మొదలైంది. తాడు లాగితే ఆ తలుపుల వెనక బిగుసుకుపోయేది నా మనిషే. లాగకపోతే ఆ గాలి ఊళ్లో ప్రతి ఇంటికీ వస్తుంది.

లాగాను.

తలుపులు ఒకదాని తర్వాత ఒకటి పడుతున్న చప్పుడు నేలలోంచి కాళ్లకు తెలిసింది. హాల్లో ఎర్ర దీపం వెలిగింది. మావారు తల ఎత్తి అద్దాల గది వైపు చూశారు. ఎవరు లాగారో తెలిసింది ఆయనకు. ఒక్కసారి తల ఊపి మళ్లీ పీపా వైపు తిరిగారు. చిలుక కట్టేశారు. ఖాదర్ బాబు రెండో చిలుక దగ్గర తడబడుతుంటే, తలుపు వైపు కదలకుండా అతని పక్కకు వెళ్లి నిలబడ్డారు. అది బిగిసేదాకా నిలబడ్డారు. ఇద్దరూ కలిసి మూత వేశారు. వాళ్లలో ఏ ఒక్కరూ పరుగెత్తలేదు. ఇంట్లో పాలు పొంగితే అయిదు గదులు దాటి అరిచే మనిషి ఆయన. ఆ నిదానం ఎక్కడ దాచుకున్నారో నాకు ఇన్నేళ్లూ తెలియదు.

గొట్టంలో ఎస్తేరు గారి గొంతు వచ్చింది. "తాడు లాగింది ఎవరండీ?"

"నేను. ఇందుమతిని."

"థాంక్సండీ. ఇప్పుడు ఎందుకో చెప్పండి."

"తులశమ్మ సున్నం నిండుకుందంది. అంటే లేదని."

"అవును. లేదనే" అంది ఎస్తేరు గారు. ఆవిడదీ మా ఈడే, ఆవిడా బియ్యం డబ్బా ఉన్న ఇంట్లోనే పెరిగింది. లిఖిత నా వైపు తిరిగింది, ముఖం పాలిపోయి ఉంది. "నిండుకోవడం అంటే నిండడమే కదా ఆంటీ?" అంది. నేను ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేశాను. వాళ్లింట్లో బియ్యం డబ్బా లేదు. కొలిచిన పొట్లాలు వస్తాయి, ఒకటి విప్పితే ఇంకొకటి వస్తుంది. అయిపోవడం అన్నదాన్ని ఆ పిల్ల ఎప్పుడూ చూడలేదు.

కడుగుడు గదిలోకి ఎస్తేరు గారు తనే తొడుగు వేసుకుని వెళ్లింది. వేరే ఎవరినీ పంపలేదు. ఇద్దరి మీదా నీళ్లు ధారగా పోయించింది. నేను అద్దంలోంచి చూస్తున్నాను. ఊరంతా వారం తాగే నీళ్లు. ఈసారి నా ప్రాణం గిలగిల్లాడలేదు.

ఆయన ఏమీ కాలేదని చేతులు చూపించారు. ఆవిడ వినలేదు. తీసేసిన గ్లౌజుల్లో ఒక్కొక్కదానిలోకి గాలి పట్టి, మూతి బిగించి, నీళ్ల గంగాళంలో ముంచి చూసింది. మూడింట్లో ఏమీ లేదు. ఆయన ఎడమచేతి గ్లౌజులో, ఉంగరపు వేలి మొదట్లో, ఒక్క బుడగ పైకి వచ్చింది.

పద్దు 53

మావారిది ఆస్పత్రిలో పడక. బుడగ కనపడగానే ఎస్తేరు గారు ఆ వేలికి జెల్లు పట్టించి, డాక్టరు వచ్చేదాకా తన చేత్తో మర్దనా చేస్తూనే ఉందట. నొప్పి లేదు, ఏమీ లేదు అని ఈయన నవ్వుతూనే ఉన్నారట. మధ్యాహ్నం దాటాక మౌని మాట్లాడింది. వేలి మొదట్లో పెసరగింజంత తెల్లటి మచ్చ, దాని కింద నొప్పి. డాక్టరు సూది మందు కూడా ఇచ్చాడు. జెల్లు ముందే పడింది గనక ఎముక దాకా పోలేదు, వేలికి భయం లేదన్నాడు.

"ఉంగరం ఉండి ఉంటే?" అని అడిగాను.

ఉంగరం కింద చుక్క దాక్కుని ఉండేదట. ఎంత కడిగినా నీళ్లు అక్కడికి అందేవి కావట. ఇంటికి వచ్చి పోపుల డబ్బా మూత తీసి ఉంగరాన్ని చూశాను. మళ్లీ మూత పెట్టాను. ఎస్తేరు గారి మీద ఉన్న చిరాకును అక్కడే వదిలేశాను.

పద్దు 55

కింది కార్యాలయంవాళ్లు తెర మీదికి వచ్చారు. సాక్షిని కాబట్టి నన్నూ కూర్చోబెట్టారు. ఒక విడత పని పాడైంది, మనిషికి గాయమైంది, ఎవరిది తప్పు అని అడిగారు. వాళ్ల మాట ఇక్కడికి చేరడానికి కొంచెం ఆలస్యం. ఆ కాసేపూ తులశమ్మ చీర కొంగు నలుపుతూ, లిఖిత నేల చూస్తూ ఉన్నారు. ఒకరికి ఉద్యోగం పోవాలి, అది మాత్రం అందరికీ తెలుస్తోంది.

ఎస్తేరు గారు లేచి నిలబడి చెప్పింది. "చెప్పినావిడ ఉన్నది ఉన్నట్టే చెప్పింది. విన్న అమ్మాయి నేను పెట్టిన రూలు ప్రకారం, విన్న మాటే తిరిగి చెప్పింది. మాట ఒక్కటే కాబట్టి ఇద్దరికీ సరిపోయింది. చిలక పలుకుతుంది, దానికి అర్థమైందని ఎవరూ అనుకోరు. నేను మాత్రం మనుషుల్ని చిలకల్లా పలకమని చెప్పి, అర్థమైందని నమ్మాను. ఆ రూలు నాది. రాసుకుంటే ముందు నా పేరు రాసుకోండి."

ఆవిడ గొంతు పెంచలేదు. తెర మీది పెద్దమనిషి జవాబు వచ్చేదాకా కూర్చోనూ లేదు. చివరికి ఆయన, ఎవరినీ తీయక్కర్లేదు, రూలు మార్చి పంపండి అన్నాడు.

బయటికి వచ్చాక తులశమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఈ పని తను ఇక చెయ్యనంది. "మా అమ్మ బియ్యం డబ్బా మూత తీసి లేవు అన్న రోజు లేదు వదినా. ఆ మాటంటే లక్ష్మి వెళ్లిపోతుందనేది. నా నోటికి ఆ మాట రాదు. ఎలా చెప్పను?"

ఎస్తేరు గారు వెనకనుంచి విన్నట్టుంది. "నోటికి రాకపోతే మీ మాటే అనండి అక్కా. వినేవాళ్లకి అర్థమైందో లేదో చూసుకునే పని ఇకనుంచి వినేవాళ్లది కూడా" అంది. "మీరు మానేస్తే ఆ రంగు చుక్క చూసే కళ్లు నాకు ఎక్కడ దొరుకుతాయి?"

కొత్త రూలు గోడకు అంటించారు. విన్న మాటను తిరిగి చెప్పకూడదు. విన్నదానికి ఏమి అర్థమైందో, ఇప్పుడు ఏమి చెయ్యబోతున్నారో సొంత మాటల్లో చెప్పాలి. చెప్పినవాళ్లు ఔనంటేనే కబురు చెల్లుతుంది.

పద్దు 63

గాలి మామూలు. బట్టీ మళ్లీ వెలిగింది. మావారు ఇంటికి వచ్చేశారు. ఎడమచేతి వేలికి కట్టు ఉంది. తోటకూర కాడలు కుడిచేత్తోనే తుంచిపెట్టారు.

ఇవాళ ప్రయోగశాలలో కొత్త రూలుకు పరీక్ష పెట్టారు. తొట్టిలో సున్నం నిజంగా ఉంది, అయినా లేనట్టు చెప్పి చూడాలి. నేను అడిగి మరీ సాక్షి కుర్చీలో కూర్చున్నాను. ఎస్తేరు గారు గుమ్మంలో నిలబడింది. గొట్టంలో తులశమ్మ ఊపిరి మాత్రం వినిపిస్తోంది. సొంత మాటే అనొచ్చని ఎస్తేరు గారు మళ్లీ గుర్తుచేసింది.

"వద్దులే" అంది తులశమ్మ. తర్వాత, పదం పదం విడదీసి: "లిఖితా. తొట్టిలో సున్నం లేదు."

"తొట్టి ఖాళీ. హాల్లో పని మొదలుపెట్టనివ్వను, ఇద్దరినీ బయటికి పిలుస్తున్నాను. అంతేనా పెద్దమ్మా?"

"అంతేనమ్మా" అంది తులశమ్మ. గొట్టం పెట్టేముందు చటుక్కున ఇంకో మాట అనేసింది, పరీక్షలో లేనిది: "దేవుడి దయవల్ల బోలెడు ఉంది." అద్దంలోంచి చూస్తే ఎస్తేరు గారి భుజాలు కదులుతున్నాయి. ఆవిడ నవ్వడం నేను చూడటం అదే మొదలు.

ఇంటికి వచ్చి అన్నానికి డబ్బా మూత తీశాను. అడుగు కనపడింది.

"ఏవండీ, బియ్యం నిండుకున్నాయి" అన్నాను. నోటి అలవాటు.

పక్క గదిలోంచి ఆయన గొంతు వచ్చింది. "బియ్యం లేవు. చెప్పులు వేసుకుంటున్నాను, కొట్టుకు వెళ్లి తెస్తాను. అంతేనా?"

"అంతే" అన్నాను. ఉంగరం ఇంకా ఆవాల గిన్నెలోనే ఉంది. ఆయన అడగలేదు, నేనూ తీయలేదు.